మన్ను తరుగు

రాపూరు గోడౌనులో తూకం పని నాది.
కిలోకి వంద గ్రాములు మన్ను తరుగు.
ఎవరు పెట్టిన లెక్కో తెలియదు,
మా షావుకారు కంటే పాతది, త్రాసు కంటే పాతది.
నేను అడగలా. తీసేసి రాసుకునేవాణ్ణి.

ఎండాకాలం వెలిగొండల మీంచి మారెడు కొమ్ములు దిగేవి.
మూట విప్పితే చాలు
వీధి చివరిదాకా నన్నారి వాసన.
నెల్లూరు ట్రంకు రోడ్డులో షర్బత్తు బండ్లన్నీ
ఆ వాసన మీదే బతికేవి.

మానికల రాగమ్మ మూట ఎప్పుడూ చిన్నదే.
మిగతావాళ్ళు ముప్పై కిలోలు దించితే తనది ఆరో, ఏడో.
"ఏందమ్మే, కొండ ఎండిపోయిందా?" అన్నా ఒకసారి.
"నీ జోబీలో ఉండేదంతా ఒక్కరోజే
ఖర్చు పెడతావా అబ్బయ్యా?" అనింది,
పుడక బదులు చీపురుపుల్ల పెట్టుకున్న ముక్కు ఎగరేసి.

ఒక ఆదివారం గోనుపల్లి దాటి ఆమె వెంట ఎక్కా.
బండ నెర్రెలో దూరిన తీగని
చీకట్లో గోడ తడిమినట్టు తడుముతూ పోయింది.
కాయలున్న తీగ దగ్గర ఆగలా.
కాయ పగిలి, దూది ఎగిరిపోయిన తీగ దగ్గరే కూర్చునింది.
తవ్వుకోల ఉంది గానీ తవ్వలా, గీకింది,
నిద్రపోయే బిడ్డ మీద దుప్పటి తీసినట్టు.
ఐదు కొమ్ములు, కోడికాలి వేళ్ళలాగా.
రెండు కోసింది.
తల్లి మొదలు జోలికి పోలా.
తీసిన మన్నంతా దోసిళ్ళతో తిరిగి పోసి,
అరికాలితో అదిమి,
బుర్రలో నీళ్ళు పుక్కిటపట్టి చిమ్మింది.
పైన ఒక రాయి, పందులు కెలక్కుండా.

"మళ్ళా ఈ తీగ కాడికి ఎప్పుడొస్తావు?"
"మా చిన్నదానికి పాలపళ్ళు ఊడి మొలిచినాక."
పక్కన ఇంకో రాయి చూపించింది. నాచు పట్టి ఉంది.
"అది మా అత్త పెట్టింది."

ఆ వారమే త్రాసు దగ్గర అడిగింది:
"తరుగు తీసినావు గదా. ఆ మన్నుకి దుడ్లియ్యలా నువ్వు.
అంటే అది నీది కాదు. ఇటియ్యి."
హమాలీలు నవ్వారు. నేనూ నవ్వా.
పళ్ళెంలో రాలింది ఊడ్చుకుని
కొంగున ముడేసుకుని పోయింది.
ఇక ప్రతి వారం అంతే,
పిడికెడు ఎర్రమన్ను
ఏ రసీదూ లేకుండా కొండకి తిరిగిపోయేది.

తర్వాతి ఏడు మద్రాసు నుంచి పెద్ద ఆర్డరు.
గునపాలు పట్టుకుని కూలీలు లారీల్లో వచ్చారు.
పది రాత్రులు కన్ను మూయలా నేను.
తల్లి మొదళ్ళు కూడా వచ్చాయి, తెగిన చోట పాలు కారుతూ.
వాటినీ తూచా. వాటికీ తరుగు తీశా.
చెక్‌పోస్టు కర్ర లారీలకి లేచింది,
రాగమ్మ ఆరు కిలోల బుట్టకి దిగింది.
అడవిని పాడుచేస్తోందని కేసు.

జరిమానాకి అప్పు. అప్పు కింద
ముత్తుకూరు దిక్కున రొయ్యల గుంటకి రాత్రి కాపలా,
మొగుడూ, పళ్ళు కదులుతున్న చిన్నదీ కూడా.
"ఈడ మన్ను ఉప్పన, ఏ గడ్డా ఊరదు" అనిందంట
చేపల వ్యాన్ డ్రైవరుతో.

ఇప్పుడు కొమ్ములు రావు.
షర్బత్తుకి ఎసెన్సు సీసాల్లో వస్తుంది, దానికి తరుగు లేదు.
గోడౌను మూల మోకాలెత్తు మన్ను మిగిలింది,
లారీలు దించిపోయింది, అడిగేవాళ్ళు లేనిది.

మొన్న గోతానికెత్తి కొండకి మోశా.
గోనుపల్లి పైన ఎటు చూసినా గుంతలే,
ఎండుటాకులూ, ఒక బీడీకట్ట కాగితమూ, గాలీ.
రాయి పెట్టిన చోటు ఒక్కటీ కనపళ్ళా.
ఏ మన్ను ఏ గుంతదో
తూచేవాడికి ఎట్టా తెలుస్తుంది?

గోతాం ఇంకా భుజాన్నే ఉంది.
పొద్దు గూకుతోంది.