సన్న తీగ

కోత మిషను మోటారు కాలిపోతే
ఒంగోలు పాతసామాన్ల కొట్లో
ఇంకోటి తెచ్చాడు మా షావుకారు అల్లూరయ్య.
ఒక హార్సుపవరు, పావు ధర,
పేరు రేకు ఊడిపోయిన అనాథ.

బిగించి స్విచ్చేస్తే తిరిగింది.
తిరిగింది గానీ, ఎదురు తిరిగింది.
తొట్లో పడాల్సిన రాతిబురద
నా కళ్లలోకి, నోట్లోకి,
సుబ్బరత్నమ్మ కొత్త రవికె మీదికి.
పెట్టిన పలక పెట్టినట్టే ఎగిరి
గోడకు తగిలి మూడు ముక్కలు.

ప్లగ్గు తిప్పి పెట్టమన్నారొకరు. పెట్టాను.
ఫేజూ న్యూట్రలూ మార్చమన్నారు ఇంకొకరు. మార్చాను.
అదే వైపు.
"మోటారునే అటు తిప్పి పెట్టండ్రా"
మొహం తుడుచుకుంటా సుబ్బరత్నమ్మ.
షాఫ్టు ఒక్క పక్కే ఉంది గదమ్మా.

మార్కాపురం మొత్తానికి ఒకడే వైండింగు కాలేషా.
చెవి మీద టెస్టరుతో సైకిలు దిగి, విని, నవ్వాడు.
"రెంటినీ కలిపి తిప్పితే ఏం మారుద్దిరా?
ఇంటి గుమ్మం తూర్పుకు మార్చినా
లోపల మొగుడూ పెళ్లాం
ఎట్టున్నోళ్లు అట్టనే ఉంటారు."

పగిలిన పలకముక్క ఏరుకుని
బలపంతో రెండు చుట్లు గీశాడు.
లావుది రన్నింగు.
సన్నది స్టార్టింగు, దాని పక్కన కెపాసిటరు.
"లావుదాని జోలికి పోబాక.
సన్నదాని కొసలు రెండే,
ఇటుది అటు, అటుది ఇటు."
తప్పు గీసిన చోట ఉమ్మితో తడిపి
బొటనవేలితో తుడిచాడు,
ఒకటో తరగతి పిల్లోడి మాదిరి.

స్విచ్చేశాను.
ఊఁ అని మూలిగి అందుకుంది. లోపలెక్కడో టక్కుమంది.
"అదీ! సన్న తీగ పని అయిపోయింది.
ఒక్క గుక్కెడు కరెంటే దానికి.
ఎటు తిరగాలో చెప్పుద్ది, తప్పుకుంటది."

బురద తొట్లో పడతా ఉంది.

పదేళ్లప్పుడు బస్టాండులో టీగ్లాసులు కడుగుతుంటే
దోర్నాల బస్సు కోసం నిలబడ్డ ఒకామె
"నీ చేతులు నిదానం అబ్బాయ్,
పలకల పనికి పోరాదూ" అని
గ్లాసు చేతికిచ్చి బస్సెక్కింది.
పేరడగలేదు. మొహమూ గుర్తులేదు.
ముక్కుపుడక లేని ముక్కు, అంతే.
ఇరవై రెండేళ్లు.

చీకటి పడ్డాక మోటారు ఆపాను.
బ్లేడు పళ్లు ఒక్కొక్కటే కంటికి ఆనుతున్నాయి.
ఆగబోయే ముందు
లోపల
మళ్లీ టక్.