పదకొండు లెక్కపెట్టేలోగా

తొమ్మిదో తరగతి బి సెక్షన్ హాజరుపట్టీలో
మస్తానమ్మ పేరు పక్కన
జూన్ నుంచీ నేను పెట్టిన ఎర్ర గీతలు ముప్పై ఎనిమిది.
ప్రోగ్రెస్ కార్డు మీదా నా చేతిరాతే:
సైన్సులో శ్రద్ధ లేదు.

వ్యాసర్పాడిలో ఆ పొద్దు కరెంటు లేదు.
ల్యాబు తాళంచెవి హెడ్మాస్టారి జేబులో,
హెడ్మాస్టారు ఎలక్షన్ డ్యూటీలో.
చెమటకు చాక్‌పీసు వేళ్లకి అంటుకుంటుంటే
ద్రవ పీడనం, హెచ్ రో జీ,
ఇరవై రెండేళ్లుగా రాసినట్టే రాశాను.
నలభై తలలు వంగి దించుకున్నాయి.
బేసిన్ బ్రిడ్జి వైపు రైలొకటి కూతపెట్టి పోయింది.

అప్పుడొచ్చింది, చుడీదార్ అంచు తడిగా.
"నీళ్ల లారీ, సార్."
రోజూ అదే మాట. రోజూ నేనడగని మాట
ఆ రోజెందుకో నోరు జారింది:
"అంతసేపు అక్కడేం చేస్తావమ్మా?"

"లెక్కపెడతా సార్."

మొదటి బిందె నిండడానికి పదకొండు.
ట్యాంకు సగమయ్యాక పదహారు.
వాళ్ల వంతొచ్చేసరికి ఇరవై రెండు,
ఒక్కోనాడు ఇరవై అయిదు.
పైపు అదే, బిందె అదే,
తిప్పేదీ ఆ పెంచలయ్యన్నే.
"నీళ్లకే సార్, ఓపిక తగ్గిపోతాది."

చాక్‌పీసు కింద పెట్టేశాను.

చెత్తబుట్టలోంచి ఒక కూల్‌డ్రింక్ సీసా.
కాంపాస్ ముల్లుతో మూడు చిల్లులు, ఒకదాని కింద ఒకటి.
నీళ్లు? ఎవరి బాటిల్ చూసినా అడుగంటింది.
మస్తానమ్మే తన మూత తిప్పింది.

పై చిల్లు సీసా గోడ పట్టుకుని ఏడ్చింది.
నడిమిది కొంచెం ధైర్యం చేసింది.
అడుగుది ఎగిరి
ఢిల్లీబాబు చొక్కా మీద పడింది.
వాడు తిట్టలేదు, "స్కేలు తేరా" అన్నాడు.
నిద్రపోయే ఆఖరి బెంచీ నడిచొచ్చి
మోకాళ్ల మీద కూర్చుంది.
ఒకడు తెలుగులో లెక్కపెడుతున్నాడు, ఇంకొకతె తమిళంలో,
ఇద్దరికీ తేడా వస్తే మళ్లీ మొదటినుంచి.
బోర్డు మీద హెచ్ పక్కన
ఎవరో లారీ బొమ్మ గీశారు. నేను తుడవలేదు.

గంట కొట్టినా ఆ పిల్ల వదల్లేదు.
"లారీని ఫ్లైఓవర్ మీద ఆపి
పైపు కిందికి వదిలితే సార్,
చివరి బిందెకీ మొదటి బిందెకీ
ఒకే లెక్క వస్తుందా?"

క్లాసు గొల్లుమంది.
నాకు నవ్వు రాలేదు.
నా నోట్సులో ఆ ప్రశ్నే లేదు.
"రేపు చెబుతా" అన్నాను,
హోంవర్కు చేయని కుర్రాడిలా నేల చూస్తూ.

లారీ ఎన్నింటికొస్తుందో అడిగి రాసుకున్నాను.
అయిదున్నరకట.
వాచీ నాకుంది.
బిందె తను తెస్తానంది.