అందినట్టు

లాలాగూడ వర్క్‌షాపులో ముప్పై మూడేళ్లు
వ్యాగన్ల బరువులు రాసినవాణ్ణి.
రిటైరయ్యాక సంఘం నా చేతిలో
కానుకల లెక్క పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం, అందరూ వెళ్లిపోయాక,
వెస్ట్రీ బల్ల మీద సంచి బోర్లిస్తాను.
చిల్లర ముందు దూకుతుంది.
నోట్లు తర్వాత, నాలుగు మడతలు పడి,
సిగ్గుపడుతున్నట్టు.
ఒకదానికి మెంతికూర వాసన,
ఒకదానికి గ్రీజు.
ఎవరివో నాకు తెలుసు.
తెలియనట్టు లెక్కపెడతాను.

మొన్న ఈస్టరు తర్వాత సంచి తేలికైంది.
జనం తగ్గలేదు, జేబులు మారాయి.
యువజనుల మీటింగులో గిద్యోను లేచి
"ఇరానీ హోటల్ల చాయ్‌కి స్కానరుంది అంకుల్,
మన దగ్గరనే లేదు" అన్నాడు.
కమిటీ మూడు నెలలు ప్రార్థన చేసి
మాట్లాడే డబ్బా ఒకటి తెచ్చింది.

దాని గొంతు తగ్గించాలని ఎవరికీ తోచలేదు.
మొదటి ఆదివారం, మౌన ప్రార్థనలో,
పల్పిట్ కింద నుంచి ఒక ఆడగొంతు:
"ఐదు వందల రూపాయలు అందాయి."
అందరూ కళ్లు మూసుకునే
ఎవరా అని చూశారు.
"యాభై రూపాయలు అందాయి."
"ఒక రూపాయి అందింది."
పని చేస్తుందో లేదో చూద్దామని వేసిందట పాపం,
కాయిరులో ఆ పిల్ల
చివరి పాట దాకా తల ఎత్తలేదు.
అయ్యగారు ఆమేన్ అనకుండానే దిగొచ్చి
వైరు పీకేశారు.

తర్వాత ఆ నల్లచుక్కల కాగితాన్ని గోడకి అతికించాం.
గోడ దాకా ఎవరూ లేవలేదు.
లేస్తే నలుగురూ చూస్తారు,
లేవకపోయినా చూస్తారు.

సంచి కుట్టింది సలోమమ్మే.
జనరల్ బజారులో ఎర్ర మఖ్‌మల్ గజం కొని,
కూతురు గాంధీ ఆసుపత్రి నుంచి
నడిచి ఇంటికొచ్చిన ఏడు.
గోడ మీది కాగితం విప్పి పట్టుకెళ్లి
సంచికి నాలుగు వైపులా కాజా కుట్టేసి తెచ్చింది.
"తిరిగేదాన్ని తిరగనీ అయ్యా.
వేసేవాళ్లు లోపల వేస్తారు,
మిగతావాళ్లు పైన ఫోటో తీసుకుంటారు."

ఊగే గుడ్డని ఫోను చదవలేదు.
అందుకని పక్కవాళ్లు అంచు పట్టుకోవాలి,
ముడత పడకుండా కాస్త లాగి.
బోరు నీళ్ల దగ్గర తగువుపడి
రెండేళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న దీవెనయ్య
మొన్న యోబు ఫోనుకి
సంచి కదలకుండా పట్టాడు.
మాట్లాడలేదు.
పట్టాడంతే.
అది మొదటిసారి కుదరక
ఇంకోసారి పట్టాడు.

రాత్రుళ్లు నా ఫోను మోగుతుంది.
ఒకటిన్నరకి, పదకొండు రూపాయలు.
కింద చిన్న మాట: "వానలో బండి జారలేదు."
ఇంకో రాత్రి: "జారింది. పార్శిల్ ఒలకలేదు."
ఆ పేరు మా రిజిస్టరులో లేదు.
ఏ బెంచీలోనూ నేను చూసిన మొహం కాదేమో.
రాసుకుంటాను, తారీఖుతో సహా.
మర్నాడు వాన పడితే
ఆ రాత్రి ఫోను దిండు పక్కన పెట్టుకుంటాను.

లెక్కల పుస్తకంలో రెండే గళ్లు: నగదు, బ్యాంకు.
మూడోది నేను స్కేలు పెట్టి గీశాను.
సలోమమ్మ అందరికంటే ఆఖరున వస్తుంది,
పూటకో పిడికెడు ఎసట్లో పడకుండా తీసిన బియ్యం
ఊరగాయ సీసా నిండా పట్టుకుని.
తూకం వేస్తాను, రాస్తాను, వెళ్తుంది.

ఈ వారం వెళ్లలేదు.
గుమ్మంలో నిలబడి
మూలన వైరు చుట్టి పడేసిన డబ్బా వంక చూసింది.
"నావి అందినట్టు అది చెప్పదా?"

అటూ ఇటూ చూశాను.
మౌలాలి వైపు గూడ్సు పోతోంది.
అది దాటేదాకా ఆగి,
గొంతు సన్నం చేసుకుని, కాస్త ముక్కుతో,
"కిలో నూటయాభై గ్రాముల బియ్యం
అందాయి" అన్నాను.

ఆమె ఖాళీ సీసా మూత బిగించుకుంటూ
"నూకలు కూడా ఉన్నాయి,
అదీ చెప్పు" అంది.