తోడు

షార్జా దాటినంక, సిమెంటు ధూళి మొదలైన కాడ
సజ్జా.
మొదటిసారి పేరు విన్నప్పుడు నవ్వొచ్చింది,
మా దిక్కు సజ్జ అంటే రొట్టె.
ఇక్కడ సజ్జ మొలవది. మనుషుల్ని నాటుతరు,
రూముకు పన్నెండు, కిందా మీదా.

నా పని నల్లుల మందు.
వీపు మీద డబ్బా, మూతికి మాస్కు,
ఇనుప మంచాల కీళ్ళల్ల, స్క్రూ బొక్కలల్ల,
పరుపు కుట్టు పొడుగూత గొట్టం తిప్పుడు.
నల్ల చుక్కలు చూసి చెప్త
ఎవరి నెత్తురు ఎంత పోయిందో.
మా రూముల ఓదెలుది ఎక్కువ. పడుకుంటే కదలడు,
పొద్దంత రాడ్లు వంచి వచ్చిన ఒళ్ళు.

కంపెనీకి నెలకోసారి ఇద్రీస్ సాబు వస్తడు,
సుడాన్ ఆయన, పురుగుల చదువు.
ఓనాడు సీసాల నల్లిని పట్టుకపోయి
మర్నాడు నన్ను మైక్రోస్కోపు ముందు కూసోబెట్టిండు.
"చూడు, లోపల తెల్లటి మూట."
వచ్చీరాని హిందీల చెప్పిండు:
నెత్తురొక్కటే తాగి ఎవడూ ఎదగడు,
నెత్తురుల అన్నీ ఉండవు.
తక్కువైన విటమిన్లు వండిపెట్టే సూక్ష్మజీవులు
ఆ మూటల కాపురముంటయి.
తల్లినల్లి గుడ్డు పెట్టేటప్పుడే
అందులో ఇంత పెట్టి పంపుతది.

మస్తు సేపు చూసిన.
పదిహేనేండ్ల సంది నేను చంపేది ఒకటే అనుకున్న,
రెండట.

వాటినేమంటరని అడిగితే
అరబ్బీల ఒక మాట, ఇంగ్లీషుల ఒక మాట చెప్పిండు.
రెండూ నోట్లె నిలవలే.
రూముకొచ్చేసరికి పోశెట్టి
గోరువెచ్చని పాలల్ల చెంచెడు పెరుగు కలుపుతుండు.
ఏం చేస్తున్నవే అంటే
"తోడేస్తున్న" అన్నడు.
దొరికింది మాట.

మా రూముల ఆ తోడే అందరికన్న సీనియరు.
వీసా అయిపోయి ఎల్లిపోయినోళ్ళు ఎవరో
రాసల్ ఖైమా క్యాంపు నుంచి తెచ్చిండ్రట.
ఎవరు పోయినా గిన్నె అడుగున
చెంచెడు మిగిల్చి పోయిండ్రు.

ఆగస్టుల మా బ్లాకు ఏసీ కాలిపోయింది.
పార్టు రావాలె, పార్టు రావాలె,
ఇరవై రెండు రోజులు.
అందరం తడిగుడ్డలు కప్పుకొని డాబా మీద,
ఓదెలు ఒక్కడే మంచం దిగలే.
గాలాడని రూమని నేను మందు కొట్టలే.
సెప్టెంబరుల పరుపు తిప్పి చూస్తే
పెద్ద నల్లులు తిరుగుతున్నయి, తాగుతున్నయి,
ఎర్రగ ఉబ్బుతున్నయి.
పిల్లలు లేవు. గుడ్లన్నీ పొల్లు.
"లోపలిది వేడికి సచ్చి ఉంటది" అన్నడు ఇద్రీస్ సాబు,
"నల్లికి ఆ సంగతి తెల్వది."

చేతిల గొట్టం అట్లనే ఆగింది.
తెల్వది.
నడుస్తది, ఆకలైతది, రాత్రి లేచి మంచమెక్కుతది,
ఏ ఎండల ఏది పోయిందో తెల్వది.
నా లోపల తడుముకొని చూసిన.
ఒగ్గుకథ ఒకటి మొత్తం నోటికి వచ్చేది,
గొర్లు తప్పిపోయిన కాడికి వచ్చి ఆగుతున్నది.
కోపం ఉండేది. జీతం రెండు నెలలు ఆపినా
ఈసారి రాలే.

గిన్నెల తోడు కూడా ఆ ఆగస్టులనే పోయింది.
పోశెట్టి మూత తీసి, వాసన చూసి,
ఏమనకుండ పారబోసిండు.
కొంచెంసేపు ఆడనే నిలబడ్డడు.
ఇగ స్టీలు గ్లాసు పట్టుకొని
పఠానుల రూము దిక్కు నడిచిండు.
వాళ్ళ భాష రాదు, ఖాళీ గ్లాసుల వేలు తిప్పి చూపెట్టిండట.
గుల్ జమాన్ అని క్రేను డ్రైవరు నవ్వి
చెంచెడు అడిగితే సగం గ్లాసు పోసిండు.

నల్లికి ఈ దారి లేదు,
పక్క నల్లి కాడికి పోయి
ఇంత వెయ్యమని అడుగుడు.

కొత్త పెరుగు వేరే తీరు,
పులుపు తక్కువ, మీగడ మందం.
ఓదెలు ఒక ముద్ద నోట్ల పెట్టుకొని
"ఇది మనది కాదు" అన్నడు.
ఇంకో గరిటె వేసుకున్నడు.

రేపు ఐదో బ్లాకు.
డబ్బా నింపి తలుపు కాడ పెట్టిన.