తలుపు భుజం

పసిగుంటకి నలుగు పెట్టి, నీళ్ళు పోసి,
సాంబ్రాణి పొగ పట్టి, పక్కలో పడుకోబెట్టి
ఢిల్లమ్మ లేవబోయింది.
గిన్నెలో ఇంకా రెండు వేళ్ళ నూనె.
నువ్వుల నూనె, వాము వేసి కాచింది.
"పారబొయ్యడం ఏటికే, ఇలాగ రాయే దమయంతీ."
"నానేటి బాలింతనా?" అన్నాను.
మంచం మీంచి మా అమ్మాయి నవ్వింది, అసలు బాలింత.
"తొంగోయే" అంది ఢిల్లమ్మ.

చాప మీద బోర్లా పడుకున్నాను.
జాకెట్టు హుక్కులు తియ్యడానికి సిగ్గు.
చేతులు దాచుకోవడం ఎలాగూ అలవాటే.
ఇరవయ్యేళ్ళుగా కాశీబుగ్గ బట్టీలో జీడిపిక్కలు కోసిన చేతులు.
బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా
పిక్క కక్కే నల్లనూనె ముందు తోలు తింటుంది,
తర్వాత వేలిముద్రలు.
రేషన్ డీలరు మిషను మీద వేలు పెడితే
సరిపోలలేదంటుంది.
నేను నేను కాదంటుంది.

నూనె అంటే నాకు అదే.
ఇది వీపు మీద పడినప్పుడు
ఎండలోంచి తీసిన దుప్పటి ఎవరో కప్పినట్టుంది.

ఢిల్లమ్మ బొటనవేలు వెన్ను పక్కన నడిచింది,
కరెంటు పోయిన ఇంట్లో
అగ్గిపెట్టె కోసం గూడు తడిమినట్టు.
నడుం కాడ ఆగి "ఇది పెడలు" అంది.
మెడ కాడ ఆగి "ఇది మేస్త్రీ మాట. మింగీసినావు గానీ దిగలేదు" అంది.
దవడ కింద నొక్కి
"రేత్రుల్లు పళ్ళు కొరుకుతావేటి?"
దీనికెవరు చెప్పారో!

కుడి భుజానికొచ్చింది.
అక్కడ చెయ్యి కదల్లేదు.
"ఇదేటే?"
"ఏమో. బరువులెత్తుతాను కదా."
"మోసిన భుజం నాకు తెల్దేటి? ఇది దేన్నో నెట్టుతున్నాది.
ఇప్పుడూ నెట్టుతున్నాది."

గిన్నె చల్లారింది. వెచ్చబెట్టి తెస్తానని లేచింది.
ఆమె పొయ్యి ఊదుతుంటే గుర్తొచ్చింది.

తుఫాను రాత్రి.
ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఒక్కొక్కటీ వేళ్ళతో లేచిన చప్పుడు.
మా తలుపు గడియ ఊడి ఎటో పోయింది.
ఈ బాలింత అప్పటికి పన్నెండేళ్ళది.
గోనెసంచుల కింద దాన్ని వాళ్ళ నాన్న పట్టుకుని కూచుంటే
నేను తలుపుకి భుజం ఆనించాను.
తొమ్మిదింటికి ఆనించిన భుజం
ఏ కోడీ కుయ్యని ఆ తెల్లారి దాకా.
బయటికొస్తే జీడితోట లేదు,
తోట ఉన్న చోట బోల్డంత ఆకాశం.
నీళ్ళ ట్యాంకర్లు, కొవ్వొత్తులు,
కాగితాలు పట్టుకుని కుర్రాళ్ళు.
చెట్లు లెక్కెట్టారు, పశువుల్ని లెక్కెట్టారు.
భుజం సంగతి ఎవరూ అడగలేదు.
నేనూ చెప్పలేదు.

వెచ్చటి నూనెతో ఢిల్లమ్మ మోచెయ్యి దిగింది.
ఒంటి బరువంతా దాని మీదే.
"ఓలమ్మోలమ్మ" అన్నంత నొప్పి.
"ఒగ్గీయే. గాలెప్పుడో ఎల్లిపోనాది.
తలుపు ఒగ్గీయే."

లోపల ఎక్కడో
నానిన కొయ్య ఎండకి సర్దుకున్నట్టు కిర్రుమంది.
ఊపిరి, నేను పిలవకుండానే,
బొడ్డు దాకా దిగింది.

ఏడవలేదు. గుర్రు పెట్టానంట.
మనవరాలూ నేనూ ఒకే వాసనేసుకుని
నాలుగింటి దాకా పడుకున్నామంట.
మధ్యాహ్నం బట్టీ కూత వినపడలేదు,
సగం రోజు కూలి పోయింది.
ఢిల్లమ్మ డబ్బులు తీసుకుంది, లెక్కెట్టుకుంది కూడా.
పసిదానికి వంద, నాకు యాభై.
"సుక్కురోరం మల్లీ రానా?"
"జీతమొస్తే చూద్దాం."

మర్నాడు మిషను తొక్కుతుంటే సాయంత్రానికి
ముడి సగం తిరిగొచ్చింది.
తెలిసిన మనిషే. పలకరించాను.
పిక్కల పళ్ళెం పక్కకి జరిపి
భుజాన్ని కిందికి వదిలాను, పది ఊపిర్లు.
మేస్త్రీ చూశాడు. "ఏటి దమయంతీ, కునుకా?"
"కాదు. తలుపు ఒగ్గేస్తన్నాను."
అతనికి అర్థం కాలేదు.

పక్క మిషను మీది గున్నమ్మ మాత్రం
పెడలు ఆపి నా వైపు చూసింది.
చూస్తూనే తన ఎడమ భుజం తడుముకుంది.