ఎముకతో వినడం

వేళచ్చేరి వరదలో మూడు రోజులు మునిగిన బండి.
ఇన్సూరెన్సు వాళ్ళు వదిలేస్తే
పుదుపేటలో తూకానికి కొన్నాం బ్లాకుని.
మొదటి సిలిండరులో బురద,
రెండోదానిలో ఒక నత్తగుల్ల.
మూడూ నాలుగూ బాగానే ఉన్నాయి.
"బాగున్నవాటినే ముందు కొలువు తాయారూ"
అన్నారు ధనకోటి గారు.

ఆయనకి చెవులు పోయి పదకొండేళ్ళు.
షోళవరం రేసుల కాలం నుంచీ
సైలెన్సరు లేని బళ్ళ పక్కన నిలబడ్డ ఫలం.
ఇప్పుడు పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని
నడుస్తున్న ఇంజను మీద ఆనించి
పిడిని పళ్ళ మధ్య బిగించి
కళ్ళు మూసుకుంటారు.
"రెండో దాంట్లో గజ్జె మోగుతోంది"
నా మీటరులో ముల్లు కదలకముందే.

కత్తిరి ఎండలో ఫ్యాను కట్టేసి కూర్చున్నాను
రింగుల సందు సరిచూడడానికి.
దుమ్ము రేణువు పడకూడదు, చెమట చుక్క రాలకూడదు.
కంపెనీ పుస్తకంలోని సందు ఇక్కడ చాలదు.
టర్బో వేడికి ఇనుము ఒళ్ళు విరుచుకుంటుంది,
చోటు లేకపోతే రింగు కొనలు రెండూ కొమ్ములు కలిపి
పిస్టను నెత్తి ఎగరగొడతాయి.
ఇరవై థౌ కావాలి.
ఆకురాయితో రెండు గీతలు, కొలత.
ఒక గీత, కొలత.
అర గీత.
గీసిన దాన్ని తిరిగి అతికించే విద్య
పుదుపేటలో కూడా ఎవరికీ లేదు.

సముద్రం మూడు కిలోమీటర్ల అవతల ఉన్నా
రాత్రి షట్టరు కిందనుంచి దూరి వస్తుంది.
కొత్తగా బోరు చేసిన గోడలు
తెల్లారేసరికి పసుపు తిరుగుతాయి.
అందుకే ఇంటికెళ్ళే ముందు వేలితో నూనె పూసి
పెద్దమ్మ చిరుగు పట్టుచీర కప్పుతాను.
పోగులు రాల్చని గుడ్డ అదొక్కటే.
జరీ అంచు కత్తిరించేశాను, గీతలు పడతాయని.
పెద్దమ్మకి ఇంకా చెప్పలేదు.

హెడ్డు బోల్టులు మూడు విడతల్లో,
నడుమ నుంచి బయటికి, చుక్కలు కలిపినట్టు.
రెంచి టక్కుమంటుంది.
చేతికి మాత్రం ఇంకొంచెం అనిపిస్తుంది.
ఆ ఇంకొంచెమే ఎన్నో స్టడ్ల మెడ విరిచింది,
రెండు నావే.

ఇళంపరిది ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు,
మెడలో ఐడీ కార్డు తియ్యకుండా.
"అక్కా, ఇంకో ఐదు పౌన్లు గాలి ఎక్కిద్దామా?"
ఎక్కించచ్చు నాయనా.
ఆ గాలికి తగ్గ పెట్రోలు,
ఆ పెట్రోలు మంటకి తగ్గ నీళ్ళు,
ఆ ఊపుకి తగ్గ క్లచ్చు,
అన్నిటికీ తగ్గ బ్రేకులు.
వాడు వేళ్ళు మడిచి లెక్కేశాడు,
బొటనవేలు దగ్గర ఆగిపోయాడు.

ప్లగ్గులు తీసి, ఊరికే తిప్పి,
నూనె ప్రెషరు లేచాక
అప్పుడు నిప్పిచ్చాం.
ఒక దగ్గు. ఇంకో దగ్గు.
తరవాత ఆగకుండా నడిచింది.
ధనకోటి గారు స్క్రూడ్రైవరు పళ్ళకి తీసుకున్నారు.
ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ.
మళ్ళీ రెండు.
చాలాసేపు.
"ఏమీ వినపడటం లేదు" అన్నారు.
ఎముక కూడా పోయిందేమోనని
నా గుండె ఒక్క చుట్టు తప్పింది.
ఆయన పిడి తుడుచుకుని నా చేతిలో పెట్టారు.
ఏడేళ్ళలో నాకు దొరికిన మెప్పు అది.

ఇరుంగాట్టుకోట్టైలో పది ల్యాపులు కొట్టొచ్చి
సంతోషంలో తాళం చెవి మీద చెయ్యి వేశాడు పిల్లాడు.
కిటికీలోంచి ఆ మణికట్టు పట్టుకున్నాను.
టర్బో ఇంకా ఎర్రగా ఉంది,
ఇప్పుడు నూనె ఆగితే ఇరుసు చుట్టూ మాడి అట్టకడుతుంది.
రెండు నిమిషాలు తిరగనీ.
ముగ్గురం అలా నిలబడ్డాం,
ఎండలో, పని లేనట్టు,
ఊపిరి తీసుకుంటున్న ఇనుము పక్కన.

ఐదొందల కిలోమీటర్లకి నూనె దించాం.
ఫిల్టరు డబ్బా కోసి
లోపలి మడతలన్నీ చాపలా పరిచి
ఎండకేసి తిప్పి చూశాం, అయస్కాంతం పెట్టి చూశాం.
మెరిసేదేమీ లేదు.