నున్నటి జాకెట్

తారు చేతిరాత నాకు చదవడం వచ్చు.
మోచేతి దగ్గర కొక్కిరి గీతలుంటే
తడి ఆకుల మీద జారినవాడు.
తుంటి మీద ఒకటే పొడుగాటి వాక్యం,
గంటకి అరవై మైళ్ళు, ఎక్కడా కామా లేదు.
అరచేతులు అరిగిన గ్లవ్స్ అయితే వారానికి రెండు.
పడేవాళ్ళు ముందు చేతులే చాపుతారు,
భూమిని బతిమాలుతున్నట్టు.

వేల్స్‌లో, డవీ నది ఒడ్డున, సందులో నా కొట్టు.
ఒక ఆరె, మైనం పూసిన దారం,
మా అమ్మ గుర్రపు జీన్లు కుట్టిన ఇనప మిషను.
చర్మం ఒలిచి చెప్పులు కుట్టించినా తీరదంటారే ఋణం,
అలాంటిది ఈ మగమహారాజులంతా
పేరు తెలియని ఆవులకి పడి ఉన్నారు.

పోస్టుమాన్ తాల్ఫ్రిన్ ఓసారి హెల్మెట్ తెచ్చాడు.
"కొంచెం రంగు వేస్తావా ఎలునెడ్, బాగానే ఉందిగా?"
సరిగ్గా నుదుటి చోట లోతైన గాటు.
తలరాత అంటారు కదా,
రాసేసింది రోడ్డు. కాకపోతే పెంకు మీద.
"దీని పని అయిపోయింది, ఇంక పెట్టుకోకు" అన్నాను.
ఇప్పుడందులో వాళ్ళావిడ ఉల్లికాడలు పెంచుతోంది.

నన్ను పిరికిదాన్ని అనుకోకండి.
కొట్టు కట్టేశాక నేనూ బండి తీస్తాను.
కొండ ఎక్కుతుంటే చలి
దారి పొడుగునా గుంటలు గుంటలుగా నిలిచి ఉంటుంది,
కార్లలో పోయేవాళ్ళకి ఆ సంగతే తెలియదు.
ఒక మలుపులో గొర్రెల ఉచ్చ, ఇంకో మలుపులో కోసిన గడ్డి,
ఆ పైన ఎవరింట్లోనో మాడుతున్న బేకన్.
ఒరిగినప్పుడు
ఒక భుజం కొండకి, ఒక భుజం లోయకి అప్పజెప్పి
మధ్యలో నేను,
యాభై నాలుగేళ్ళదాన్ని, మోకాలి నొప్పిదాన్ని,
ఆ నాలుగు క్షణాలూ ఎవరికీ బాకీ లేనిదాన్ని.
హెల్మెట్ లోపల పాడతాను కూడా.
శ్రుతి లేదు. వినేది పురుగులే,
అవీ అద్దానికి అంటుకుపోయి.

జూన్‌లో ఒకమ్మాయి వచ్చింది.
నెస్టా అంది పేరు, కళ్ళెత్తకుండా.
బల్ల మీద జాకెట్ పరిచింది.
అలవాటుగా మోచేతులు వెతికాను. భుజాలు. వీపు.
తిరగేశాను.
ఒక్క అక్షరం లేదు.
"మా అన్న ఇల్టిడ్‌ది" అంది.
"పెట్రోలు బంకు దాకానేగా అన్నాడు. ఎండగా ఉంది ఆ రోజు."

ఇరవై రెండేళ్ళుగా ఎన్ని చింకి తోళ్ళు చూశాను,
ఏ ఒక్కటీ నా చేతుల్లో ఇంత బరువు తూగలేదు.

"నా కొలతకి తగ్గించండి" అంది.
వద్దనబోయాను.
ఎవరి తరఫున అనను?

చేతులు రెండంగుళాలు కత్తిరించాను.
మోచేతి ప్యాడ్ ఎముక మీదే కూర్చోవాలి,
పక్కకి జారితే ఉన్నా లేనట్టే.
మూడుసార్లు తొడిగించి, చేతులు చాపించి,
లేని హ్యాండిల్ పట్టించి చూశాను.
లోపలి జేబులో చెవులకి పెట్టుకునే నురగ బిళ్ళలు రెండు,
ఒకదానికి కాస్త గులిమి.
తీసెయ్యనా అని అడిగాను.
"జేబు మూతి కుట్టెయ్యండి" అంది.
కుట్టేశాను, రెండు వరసలు.
డబ్బులూ తీసుకున్నాను,
తీసుకోకపోతే జాలిపడ్డట్టు ఉంటుందని.

సెప్టెంబరులో, కనుమ దిగుతుంటే,
ఒక బండి ఎదురొచ్చింది.
మంచి ఎండ. అయినా మెడ దాకా జిప్పు.
ఎదురుపడితే తల ఊపుకోవడం మాలో ఆచారం.
ఊపింది. ఊపాను.
మొహం ఎవరిదో పోల్చుకునేలోగా
మలుపు మింగేసింది.

నేను చూసింది మోచేతులు.
ప్యాడ్లు సరిగ్గా కూర్చున్నాయి.